ఒకే పేరున్న చీటీలు

ఫిబ్రవరి 11, 2008

ప్రమోషన్ వచ్చింది. ఇవాళ్టి నుంచి నేను ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. డైరెక్టర్ జగన్నాథరావు గారు మీటింగులో ఆ మాట అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేను రాసిన చీటీ సాఫ్ట్‌వేర్ ఇక నాది కాదని దాని అర్థం. విశాఖపట్నం నుంచి హరీష్ అనే ఇంజినీరు వచ్చాడు. ఇకమీదట చీటీని అతను చూసుకుంటాడట. చూడు ప్రసాదం, దాన్ని కొత్తగా తయారుచేయాలి, మన సంస్థకి ఫండ్ ఇచ్చేవాళ్లు అడుగుతున్నారు అన్నారు డైరెక్టర్ గారు. కన్నవాడు ఉండగా పెంపకానికి ఇంకొకడెందుకు సార్ అని నోటిదాకా వచ్చింది. టీ తాగి వచ్చేశాను.

బాధేమీ లేదు. ఊరికే రాసుకుంటున్నాను. ఆఫీసు కంప్యూటర్లో రాస్తే వాడి కంట పడుతుందని చేత్తో రాసుకుంటున్నాను. చీటీ లాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడు చివరికి రెండు రూపాయల పెన్నుతో రాసుకోవాల్సి వచ్చింది, అదీ సంగతి.

మా ఆవిడ దెబోరాకి చెబితే జీతం పెరిగిందా అని అడిగింది. లేదన్నాను. "మరేటి ప్రమోషను?" అంది. నర్సు కదా, సూది ఎక్కడ గుచ్చాలో తెలుసు.

ఫిబ్రవరి 13

నా కుర్చీ హరీష్‌కి ఇచ్చారు. నాకు జీపులో ముందు సీటు.

ఫిబ్రవరి 20

చీటీ 3.0 చూపించాడు. గోడకి తెల్లగుడ్డ కట్టి, లైట్లు ఆర్పి, సినిమా వేసినట్టు వేశాడు. పోడు రైతుల చీటీలు ఆకుపచ్చ, పింఛన్లు పసుపు, బడిపిల్లలు నీలం. మౌస్‌తో ముట్టుకుంటే ముడుచుకుంటాయి, మళ్లీ ముట్టుకుంటే విచ్చుకుంటాయి. అత్తిపత్తి మొక్కలు పెంచుతున్నాడనుకున్నాను. అందరూ ఆహా ఓహో అన్నారు.

నా 2.4కి రంగుల్లేవు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. మనిషికి ఒక చీటీ. పైన పేరు, కింద వరుసలు: ఊరు, భూమి, హద్దులు, ఎప్పట్నుంచి దున్నుతున్నారు. ఏ మాట కొడితే ఆ మాట ఉన్న చీటీలన్నీ వచ్చి నిలబడతాయి. ఈ ఆఫీసులో కాగితాలు చెదలు తింటున్న రోజుల్లో, నేర్పేవాడు లేడు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, అలాంటప్పుడు కూర్చుని రాశాను. తెలుగు అక్షరాలు రాని మిషన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి, చుట్టుపక్కల పోడు ఊళ్లన్నీ ఎక్కించాను. అప్పుడు దాని మొహం చూసినవాడు లేడు. ఇప్పుడు పోడు భూమికి పట్టాలిచ్చే చట్టం వచ్చింది, చీటీకి గిరాకీ వచ్చింది. ఒక్కో చీటీ నుంచి ఒక్కో దరఖాస్తు అచ్చవుతుంది. దరఖాస్తు ఉంటే సర్వే, సర్వే అయితే పట్టా. దరఖాస్తు లేనివాడి కొండ అడవిలో కలిసిపోతుంది. ఇంత పనిని తీసుకెళ్లి నిన్నగాక మొన్న కాలేజీ దాటినవాడి చేతిలో పెట్టారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. రాత్రి ఆఫీసులోనే పడుకుంటున్నాడట.

మార్చి 3

హరీష్ దగ్గర్నుంచి మెయిల్. ఈ నెలలో చేయబోయే మార్పులన్నీ వరసపెట్టి రాశాడు. అక్షరాల సైజు పెరుగుతుంది. తెలుగు లిపి వస్తుంది. బాగానే ఉంది. నాలుగోది ఇలా ఉంది: ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు ఉన్న చీటీలు వాటంతట అవే కలిసిపోతాయి. లోపలి వరుసలు వేరుగా ఉంటే మొదటి చీటీలోవి మిగులుతాయి.

మళ్లీ చదివాను.

అంటే ఈ గుంటడికి ఎవరూ చెప్పలేదన్నమాట. పైఊళ్లలో బిడ్డ పుడితే, చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ నీళ్లలో బియ్యపు గింజ వేస్తారు. గింజ తీరు చూసి ఎవరు తిరిగొచ్చారో చెబుతారు. ఆ పేరే బిడ్డకి. తాత ఒక్కడే గానీ కొడుకులు ముగ్గురుంటే ముగ్గురిళ్లకీ ఆ తాతే రావచ్చు. ముసిరిగుడలో కొర్రా బుద్రులు ఇద్దరు. అన్నదమ్ముల బిడ్డలు, ఇద్దరికీ తాత పేరే. ఒకతన్ని పెద్దింటి బుద్రు అంటారు. రెండో అతని పోడు ఊరి వాగు దాటాక ఉంది, ఇక్కడ వాగుని గెడ్డ అంటారు కాబట్టి అతను గెడ్డ బుద్రు. ఆ పిలుపులు నోటిమాటలే, కాయితం మీద ఇద్దరూ కొర్రా బుద్రే. నేను ఇద్దరికీ వేరు వేరు చీటీలు పెట్టి, రెండోదానిలో భూమి దగ్గర గెడ్డవతల అని రాశాను. హరీష్ లెక్కలో ఇద్దరూ ఒక్కడే. పెద్దింటి చీటీ ముందుంది, గెడ్డవతలది పోతుంది.

ఈ కొండలకి వచ్చిన కొత్తలో నన్ను ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టింది గెడ్డ బుద్రే. ఇక్కడి ఒడియా మాటలు నేర్పిందీ అతనే. నేను పలికితే వాళ్లావిడ ఇప్పటికీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

రేపు పొద్దున్నే హరీష్‌కి చెప్పాలి.

మార్చి 4

చెప్పడానికే వెళ్లాను. చెవుల్లో వైర్లు పెట్టుకుని నా కుర్చీలో ఊగుతున్నాడు. నిలబడ్డాను. నిలబడ్డాను. చివరికి ఒక వైరు తీసి, "అంకుల్, సజెషన్స్ ఏమన్నా ఉంటే మెయిల్ పెట్టండి, వరసలో చూస్తాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అంకులట. నాకు నలభై రెండు. నా చీటీకి నేను సజెషను పెట్టుకోవాలి, అది వెళ్లి రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వరసలో నిలబడాలి.

మెయిల్ పెట్టలేదు.

మార్చి 6

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అడిగితే చెప్తాను.

అయినా తప్పు ఒకటి బయటపడితేనే మంచిది. ఒక్కటి తేలితే చాలు, నీ పాతదే నయం ప్రసాదం అని జగన్నాథరావు గారే అంటారు. ఎవరికీ నష్టం లేదు, తేలిన మర్నాడే సరిచేయొచ్చు. 2.4లో ఉన్నవన్నీ ఒక సీడీ మీదకి దింపి, పైన తేదీ వేసి, దెబోరా పెట్టెలో చీరల మధ్య పెట్టాను. అడిగిన మరుక్షణం తీసి ఇస్తాను.

మార్చి 12

భోజనాల దగ్గర హరీష్ నా పక్కన కూర్చున్నాడు. పాత చీటీలో వెతికే పద్ధతి ఎలా రాశారంకుల్, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మా కాలేజీలో ఎవరికీ ఇలా తట్టదు అన్నాడు. వెటకారం అనుకుని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. అది తప్ప మిగతావన్నీ మార్చాను, దాన్ని ముట్టుకోలేదు అన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది, అనిపించింది కూడా. ఇంతలో జగన్నాథరావు గారు వచ్చి వాడి భుజం తట్టి, మన జీనియస్ తింటున్నాడా లేదా అన్నారు. నేను మజ్జిగ పోసుకున్నాను.

మార్చి 17

కలిసిపోయాయి. డేటా శుభ్రమైందని హరీష్ ఆఫీసంతటికీ పకోడీలు తెప్పించాడు. న్యాయంగా చెప్పాలంటే పోయినవాటిలో ఎక్కువ భాగం చెత్తే, మావాళ్లు ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించినవి. పక్క టేబుల్ కంప్యూటర్లో కొర్రా బుద్రు అని కొట్టి చూశాను. ఒక్కటే వచ్చింది. పెద్దింటి భూమి, పెద్దింటి హద్దులు. గెడ్డవతల అని కొట్టాను. ఏమీ రాలేదు.

పకోడీలు బాగున్నాయి.

మార్చి 21

గుడ్ ఫ్రైడే. చర్చిలో ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఎనిమిదిమంది ప్రసంగించారు. నడుం పట్టేసింది.

ఏప్రిల్ 11

సంతలో గెడ్డ బుద్రు కనబడ్డాడు. పసుపు అమ్ముకుని వాళ్లావిడకి గాజులు బేరమాడుతున్నాడు. నన్ను చూసి బేరం వదిలేసి వచ్చాడు. షావుకారు పైడయ్య కొట్టు ముందు టీ ఇప్పించాడు, నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు.

"నా కాయితం రాసీసినారా బాబూ?" అన్నాడు.

కొర్రా బుద్రు పేరు మీద కాయితం ఉందని చెప్పాను. అందులో అబద్ధం లేదు. అతను గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. నలుగురూ చూస్తున్నారు, నాకు చిరాకేసింది. పని ఉందని వచ్చేశాను.

మే 7

రేపు ముసిరిగుడలో దరఖాస్తుల మీద సంతకాలు. అన్నిటికన్నా ముందు ఆ ఊరే పెట్టారు. నీకు మొహాలు తెలుసు కదా, హరీష్‌తో నువ్వు కూడా వెళ్లు అన్నారు జగన్నాథరావు గారు.

మే 8

జ్వరం. జీపు వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది.

దెబోరా డ్యూటీకి వెళ్లబోతూ థర్మామీటరు పెట్టింది. చూసింది. దులిపి మళ్లీ పెట్టింది. "ఇది జొరం కాదు. ఏటైంది మీకు?" అంది. లోపలి జ్వరం అన్నాను. లోపలి జ్వరాలకి మా ఆస్పత్రిలో మాత్రల్లేవని చెప్పి చెప్పులేసుకుంది.

మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకున్నాను. చెమట పట్టింది తప్ప జ్వరం రాలేదు.

మే 9

డ్రైవరు చెప్పాడు. ముసిరిగుడ మధ్యాహ్నానికల్లా అయిపోయిందట, గొడవల్లేవట. పేర్లు చదివారు, పిలిచినవాళ్లు వచ్చి వేలిముద్ర వేశారు. కొర్రా బుద్రు అని ఒక్కసారే పిలిచారు. పెద్దింటి బుద్రు లేచాడు. గెడ్డ బుద్రు అక్కడే కూర్చుని ఉన్నాడు. నువ్వు వేయవా అని డ్రైవరు అడిగితే, అన్న ఏసినాడు కదా, ఇద్దరికీ తాత ఒక్కడే, తాత పేరున ఏలిముద్ర పడిపోనాది అన్నాడట. డ్రైవరు దాన్ని జోకుగా చెప్పాడు.

జోకే. ఆ ఇంట్లో తాత పేరు మీద కోడి కోసినా ఇద్దరూ తింటారు, ఒకరు పెట్టిన మొక్కు ఇద్దరికీ చెల్లుతుంది. వేలిముద్ర మాత్రం వేరే సంగతని అతనికి చెప్పాల్సినవాళ్లు చెప్పాలి. నాకు జ్వరం.

మే 19

హరీష్ ఫోన్ చేశాడు. ముసిరిగుడ గురించి ఏదో. సిగ్నల్ సరిగ్గా లేదు. దెబోరా పనసకాయ కూర చేసింది.

మే 31

గడువు అయిపోయింది. దరఖాస్తులన్నీ కట్టలు కట్టి పాడేరులో సర్కారు ఆఫీసుకి పంపించారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

జూలై 2

ముసిరిగుడకి సర్వేవాళ్లు వచ్చారు. గెడ్డ బుద్రు ముందురోజే హద్దురాళ్లకి సున్నం కొట్టి, తెల్లవారకముందే వెళ్లి వానలో నిలబడ్డాడట. వాళ్లు గెడ్డకి ఇవతల కొలిచి, అవతల కాలు పెట్టకుండా వెళ్లిపోయారు. అతను అట్నుంచి అటే నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే బురద కాళ్లని రాలేదు, వసారాలోనే నిలబడ్డాడు.

"మా కొండ కొలవనేదు బాబూ. కాయితంలో గెడ్డవతల నేదంటన్నారు. నువ్వు రాసినావు కదా. నా ఎదరే రాసినావు."

రాశాను, కొత్త కంప్యూటరు చెరిపేసింది, హరీష్ చెరిపేశాడు అన్నాను.

"నువ్వు సూడనేదా మరి?"

నన్ను ఆ పనిలోంచి తీసేశారు బుద్రూ అన్నాను. అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నాడు. కొండ పోతున్నవాడు నాకు ధైర్యం చెప్పి వెళ్లాడు.

సీడీ బయటికి తీశాను. రేపు ఆఫీసులో పెడతాను. ఇక ఆడమను చీటీ 3.0ని.

జూలై 3

పెట్టాను. జగన్నాథరావు గారి టేబుల్ మీద పెట్టి, సార్ ముసిరిగుడలో ఒక మనిషి మాయమైపోయాడు, ఇదిగో నా పాతదాంట్లో ఉన్నాడు అన్నాను. ఎన్ని నెలల నుంచి నోట్లో నానుతున్న మాటో అది. ఆయన అప్పటికప్పుడు పాడేరు ఫోన్ చేశారు. గడువు దాటాక కొత్త దరఖాస్తు తీసుకోరట, మళ్లీ ఎప్పుడైనా అవకాశం ఇస్తే చూద్దామన్నారట. ఆయన ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నారు. చేతులు కాలాక ఆకులు తెచ్చావు ప్రసాదం అన్నారు.

హరీష్‌ని పిలిచారు. వాడు వచ్చి చెప్పాడు. ముసిరిగుడ తర్వాత రెండో ఊళ్లోనే ఈ తప్పు తేలిందట. అక్కడ ఒకే పేరున్న ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆ రాత్రే కలిపే పద్ధతి తీసేసి, మిగతా ఊళ్లన్నీ సరిచేశాడట.

మరి ముసిరిగుడ సంగతేమిటి అన్నారు ఆయన.

హరీష్ నా వైపు తిరిగాడు. "మీకు ఫోన్ చేశాను కదా అంకుల్. ముసిరిగుడలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ఉన్నారా అని అడిగాను. అక్కడ అంతా సరిగ్గానే ఉంది, వదిలెయ్ అన్నారు."

జగన్నాథరావు గారు నన్ను చూశారు. సిగ్నల్ లేదు సార్, ఏం అడిగాడో నాకు వినపడలేదు అన్నాను. పన్నెండేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఆయన హరీష్ వైపు తిరిగి, నీ తప్పు పెద్దవాళ్ల మీదకి తొయ్యకు అన్నారు.

నిజంగానే సిగ్నల్ సరిగ్గా లేదు. ఆ రోజు రాసుకున్నాను కూడా.

జూలై 4

దెబోరా సీడీ చూసింది. ఆఫీసు నుంచి తెచ్చి బల్ల మీద పెట్టాను, దాని మీద తేదీ నా చేతిరాతే. అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మార్చిలోనే నా చీరల్లో దాసినారంటే, మార్చిలోనే తెలుసన్నమాట మీకు."

ముందుజాగ్రత్త అన్నాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. బుద్రు భార్యకి రెండు కాన్పులూ తన చేతుల మీదే జరిగాయి. ఆ జొరం కూడా దీనికేనా అంది. నేను అన్నం కలుపుకున్నాను.

"నేనెవరికీ సెప్పను. మీరే వెళ్లి సెప్పుకోండి అతనికి."

తర్వాత వేరే గదిలో పడుకుంది. చెప్తాను. పైఆఫీసులో ఏదైనా దారి దొరికాక చెప్తాను, ఉత్తచేతులతో వెళ్లి ఏం చెప్పను?

ఆగస్టు 19

హరీష్ వెళ్లిపోయాడు. తీసేశారని ఒకరు, వాడే మానేశాడని ఒకరు. వెళ్లే ముందు నా దగ్గరికి వచ్చి, చీటీలో ఎక్కడ ఏముందో వివరంగా రాసిన కాగితాలు ఇచ్చాడు, మీకు ఇబ్బంది లేకుండా ఉంటుందని. తిడతాడేమో అనుకున్నాను, తిట్టలేదు. "ఒక్క మాట చెప్పుంటే ఒక్క నిమిషం పనంకుల్" అని మాత్రం అన్నాడు. తిడితే బాగుండేది.

కుర్చీ నాకు వచ్చింది. వాడు ఎత్తు పెంచుకున్నాడు, నా కాళ్లు నేలకి ఆనడం లేదు. దించడం ఎలాగో తెలియలేదు.

సెప్టెంబరు 10

చీటీ 2.5 విడుదల. రంగులన్నీ పీకేశాను. మళ్లీ నల్ల తెర. ముసిరిగుడ చీటీలు సీడీలోంచి మళ్లీ ఎక్కించాను. జగన్నాథరావు గారు నీ పాతదే నయం ప్రసాదం అన్నారు. అచ్చం ఆ మాటే అన్నారు.

ఏమీ అనిపించలేదు.

నవంబరు 28

వలిసె పూలు పూశాయి. పసుపు చేల మధ్య ఫోటోలు దిగడానికి కార్లలో జనం. బుద్రు కొండ కోసం పైఆఫీసుకి మూడో అర్జీ పెట్టాను. దెబోరా నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది, ఉప్పు ఉందా లేదా అన్నంత వరకే.

ఫిబ్రవరి 16, 2009

ముసిరిగుడలో పట్టాలు ఇచ్చారు. షామియానా, మైకు. పెద్దింటి బుద్రు పట్టా తీసుకుని నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్లి, ఇది ఇద్దరిదీ అని చేతిలో పెట్టాడు. గెడ్డ బుద్రు దాన్ని తిప్పి చూశాడు. చదువు రాదు. నా దగ్గరికి తెచ్చి, ఇందులో గెడ్డవతల ఉందా అని అడిగాడు. లేదన్నాను. మడత పడకుండా జాగ్రత్తగా పట్టుకెళ్లి అన్నకి తిరిగి ఇచ్చేశాడు.

అందరికీ పులిహోర పొట్లాలు పంచారు. అర్జీల మాట అడిగాడు. పైనుంచి జవాబు రాలేదని చెప్పాను. అది మాత్రం నిజం.

జూన్ 24, 2009

దెబోరా పొద్దున్న ఒక మాట చెప్పింది. గెడ్డవతల మొక్కలు నాటడానికి అటవీశాఖవాళ్లు గోతులు తవ్విస్తున్నారట, ఊరివాళ్లకే కూలి ఇస్తున్నారట. ఇవాళైనా వెళ్లండి అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకుంటూనే వెళ్లాను. మొదట మార్చి సంగతి, తర్వాత జ్వరం, తర్వాత ఫోన్. ఒడియాలో చెబితే సులువేమో అని ఒడియాలో కూడా అనుకున్నాను.

గెడ్డ దాటేసరికి కొండంతా గోతులు. పోయినేడు చోళ్లు, కందులు పండిన చోట తాడు పట్టి గీసినట్టు వరసలు. గునపంతో తవ్వుతున్నవాళ్లలో బుద్రు ఉన్నాడు, వాళ్లావిడ తట్టతో మన్ను ఎత్తిపోస్తోంది. సొంత కొండ మీద కూలి. నన్ను చూసి గునపం పాతి, చేతులు దులుపుకుని ఎదురొచ్చాడు. నేల ఎక్కడ మెత్తగా ఉందో మేస్త్రీకి తానే చూపిస్తున్నాడట, రాయి తగిలితే పని సాగదని.

చెట్టు కింద కూర్చోబెట్టి సొరబుర్రలోంచి అంబలి పోసి ఇచ్చాడు. వాళ్లావిడ ఈసారి నా మాటలకి నవ్వలేదు, తట్ట కింద పెట్టకుండా నిలబడింది. మిగతా కూలీలు కూడా చుట్టూ చేరారు. బుద్రూ, నీకొక మాట చెప్పాలి అన్నాను.

ఆ మాట అతను విన్నాడో లేదో. వాళ్లందరి వైపు తిరిగి నా గురించి చెప్పడం మొదలుపెట్టాడు. "ఆఫీసంతట్లో ఈ బాబొక్కడే నాకోసం కొట్లాడినాడు. ఈ బాబే కంప్యూటర్ కాడ ఉంటే నా కొండ పోవును కాదు."

అంబలి చేతిలో ఉంది. తాగాను. ఇంకొంచెం పోశాడు, అదీ తాగాను. ఏదో మాటన్నావు బాబూ అన్నాడు. మళ్లీ అర్జీ పెడదామని చెప్పి లేచాను.

సాయంత్రం ఆఫీసుకి వచ్చి అతని చీటీ తెరిచాను. సంస్థ కొత్త రిపోర్టుకి అందరివీ సరిచేస్తున్నాం, ముసిరిగుడ నా వంతు. కొర్రా బుద్రు, గెడ్డవతల. ఊరు సరిగ్గానే ఉంది. పని దగ్గర రైతు తీసేసి కూలి అని కొట్టాను. భూమి వరుసలో ఉన్నది చెరిపి, ఖాళీగా వదిలేసి మూయబోయాను. మూసుకోలేదు. ఖాళీ వరుస ఉంటే చీటీ మూయనివ్వకూడదని 2.5లో నేనే పెట్టాను, ఫీల్డువాళ్లు బద్ధకంతో వదిలేస్తున్నారని. మళ్లీ నొక్కాను. తెర అడుగున భూమి అన్న మాట, పక్కన ప్రశ్నార్థకం.

లేదు అని కొట్టాను. మూసుకుంది.